మీకు తెలుసా? పదమూడు రోజుల బీటిల్

1964 జూన్‌లో డెన్మార్క్, నెదర్లాండ్స్, హాంకాంగ్‌లలో బీటిల్స్ కచేరీలు చేసినప్పుడు డ్రమ్స్ వాయించింది రింగో స్టార్ కాదు, జిమ్మీ నికల్! జూన్ 3న రింగో గొంతు జబ్బుతో కుప్పకూలడంతో లండన్‌లో ఉన్న నికల్‌కు కబురు వెళ్లింది. ఆ రోజే అబీ రోడ్ స్టూడియోలో రిహార్సల్, మర్నాడే కోపెన్‌హాగన్‌లో కచేరీ. వేసుకున్న సూటు కూడా రింగోదే. ప్యాంటు పొట్టిగా ఉండేది.

ఇదంతా అదృష్టమే అనిపించవచ్చు. కానీ బీటిల్స్ పాటలను అనుకరిస్తూ వెలువడిన ఒక చవక ఆల్బమ్‌కు నికల్ అంతకుముందే డ్రమ్స్ వాయించాడు. అంటే ఆ పాటల్లో చాలావరకు అప్పటికే అతని చేతికి అలవాటైనవే. అదృష్టం తలుపు తట్టేసరికి అతను సిద్ధంగా ఉన్నాడంతే. మరి అంత పనిమంతుడు తారగా ఎందుకు నిలబడలేదు? పిలిచింది అతని పేరు చూసి కాదు, ఖాళీ అయిన స్టూలు నింపడానికి. జూన్ 14న మెల్‌బోర్న్‌లో రింగో తిరిగి రాగానే ఆ పని ముగిసింది. నికల్‌కు దక్కినవి 500 పౌండ్లు, ఒక బంగారు చేతిగడియారం. మరుసటి ఏడాదే అతను దివాలా తీశాడు.