పదివేల మంది ఏం తిన్నారు? ఉదయగిరి కొండను అడగాల్సిన ప్రశ్న

తోటపల్లి గూడూరు వైపు మనదంతా చదును నేల. కోడూరు బీచ్‌లో నిలబడితే ముందు సముద్రం, వెనక వరి మళ్లు, రొయ్యల గుంటలు. కొండ కావాలంటే నెల్లూరు, ఆత్మకూరు దాటి పడమరకు పోవాల్సిందే. వంద కిలోమీటర్లకు పైమాటే. అక్కడ 3,079 అడుగుల ఎత్తున ఉంటుంది ఉదయగిరి దుర్గం.

రీల్స్‌లో చూసే ఉంటారు. పాచి పట్టిన గోడ, కూలిన మండపం, పైన 'రాయలు గెలిచిన కోట' అని క్యాప్షన్. తప్పేం లేదు, గెలిచాడు కూడా. కానీ రాయలు వచ్చాడు, గెలిచాడు, వెళ్లిపోయాడు. ఆ కొండ మీద ఏళ్ల తరబడి కాపలా కాసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల సంగతి ఎవరు చెప్పాలి?

ముందు కాస్త చరిత్ర. 14వ శతాబ్దంలో ఇది విజయనగరం వాళ్ల ఉదయగిరి రాజ్యానికి కేంద్రం. వేదభాష్యకారుడు సాయణుడు ఇక్కడి పాలకుడు కంపరాయల దగ్గర మంత్రి. తర్వాత కోట ఒడిశా గజపతుల చేతికి పోయింది. దాన్ని తిరిగి పట్టడానికే కృష్ణదేవరాయలు 1513లో కదిలాడు.

ఆ ముట్టడి గురించి న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. అతను విజయనగరం వచ్చింది 1535 ప్రాంతంలో, అంటే విన్నది రాశాడన్నమాట. కోటలో పదివేల మంది కాల్బలం, 400 గుర్రాలు ఉన్నాయంటాడు. ఆకలితో మాడ్చితే తప్ప లొంగని కోట కాబట్టి అంతకు మించి సైన్యం అక్కర్లేదట. పైకి ఒక్కటే దారి, ఒకరి వెనక ఒకరు మాత్రమే పోగలిగేంత ఇరుకు. రాయలు ఏడాదిన్నర పాటు బండలు పగలగొట్టించి దారులు వేయించాకే, 1514లో కోట పడింది.

పదివేలు అనేది అతిశయం కావచ్చు. అయినా ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. మనిషికి రోజుకు అర కిలో గింజలు అనుకుంటే రోజుకు 5 టన్నులు. ఏడాదిన్నరకు దాదాపు 2,700 టన్నులు. పది టన్నుల లారీలైతే 270! ఇక మనిషికి మూడు లీటర్లు వేసుకున్నా తాగే నీళ్లే రోజుకు 30,000 లీటర్లు, అంటే ఆరు పెద్ద ట్యాంకర్లు. గుర్రాల సంగతి సరేసరి.

ఇదంతా ఎక్కడ దాచారు? నీళ్లు వానవే అయ్యుండాలి, కోనేళ్లలో పట్టుకున్నవి. గాదెలు ఎక్కడ? అసలు తిన్నది బియ్యమేనా? చుట్టూ మెట్ట నేల మరి. జొన్నలా, సజ్జలా, కొర్రలా? శాసనాలు దానాలు చెబుతాయి గానీ సైనికుడి సంగటి ముద్ద గురించి చెప్పవు.

చెప్పేది చెత్త. నిజమే, చెత్తకుప్పలే. పొయ్యి పక్కన మాడిపోయిన గింజ ఒక్కటి దొరికితే అది ఏ పంటో నిపుణులు తేల్చేస్తారు. కుండపెంకు మట్టిని బట్టి అది స్థానికంగా చేసిందా, దూరం నుంచి వచ్చిందా అన్నది చాలాసార్లు తెలుస్తుంది. ఎముకను బట్టి ఏ మాంసం తిన్నారో తెలుస్తుంది. ఇంగ్లండ్ ఉత్తరాన విండోలాండా అనే రోమన్ సైనిక శిబిరం ఉంది. అక్కడ 1973 నుంచి తడి మట్టిలో సిరా రాతలున్న పల్చటి చెక్కముక్కలు బయటపడుతున్నాయి. వాటిలో ఒక సైనికుడికి సాక్సులూ లోదుస్తులూ పంపామన్న ఉత్తరం ఉంది, ఒక అధికారి భార్యకు వచ్చిన పుట్టినరోజు పిలుపూ ఉంది. రోమన్ చక్రవర్తి విగ్రహం కన్నా నాకు ఆ సాక్సులే ఎక్కువ నచ్చుతాయి.

మన ఎండకూ వానకూ చెక్కలు మిగలవులెండి. పెంకులు, బూడిద, ఇనుప ముక్కలు మిగులుతాయి. వాటిని చదవాలంటే తవ్వకమే అక్కర్లేదు. హంపి చుట్టూ కార్లా సినోపోలీ, కాథ్లీన్ మోరిసన్ బృందం 1987 నుంచి ఏళ్ల పాటు నడిచి, నేల మీద కనిపించిన ప్రతిదీ నమోదు చేసింది. చెరువులు, దారులు, గోడలు, ఊళ్ల జాడలు కలిపి 700కు పైగా చోట్లు తేలాయి. పాత గెజిటీర్ లెక్కలో ఉదయగిరిలో కొండ మీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం 13 కోటలు. అన్నీ అలా నడిచి చూడదగ్గవే.

కానీ ఆ పని కన్నా ముందు గునపం వస్తోంది. గుప్తనిధుల కోసం పాత కోటల్లో, గుళ్లలో రాత్రిళ్లు తవ్వడం మన జిల్లాకు కొత్త కాదు. బంగారం దొరుకుతుందో లేదో గానీ, గొయ్యి తవ్వగానే పొరలు కలిసిపోతాయి. పై పొరలో గోల్కొండ కాలం, కింద గజపతులు, ఇంకా కింద విజయనగరం అని వరుసగా ఉన్నదంతా ఒకే మట్టికుప్ప అవుతుంది. ఆ కుప్పలో మాడిన గింజ దొరికినా అది ఎవరిదో ఇక ఎవరూ చెప్పలేరు.

చట్టం మాత్రం పాతదే ఉంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు చెప్పాలి. పది రూపాయలు! ఇవాళ ఒక టీ ఖరీదు.

కొండ కింది ఊళ్లో చెక్క స్పూన్లూ ఫోర్కులూ చేసే పనివాళ్లున్నారు, దిగాక చూడండి. ఎక్కేటప్పుడు మాత్రం నీళ్లు బాగా తీసుకెళ్లండి. పైన పెంకు కనబడితే దాన్ని కదపకుండా ఫోటో తీసి, లొకేషన్ సేవ్ చేసుకోండి. జేబులో వేసుకుంటే అది ఒట్టి పెంకే. ఉన్నచోట ఉంటే, అక్కడ ఎవరో వండుకున్నారని చెబుతుంది.