పలక కన్నా ముందు పసిచేతులకు పని

బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయించడం మన కుటుంబాల్లో తరతరాల ఆనవాయితీ. ఇది షరీఅత్ విధించిన నియమం కాదు, పెద్దలు పాటించుకుంటూ వచ్చిన ఆచారం. ఆ రోజు బిడ్డకు కొత్త బట్టలు తొడుగుతారు. ఇంటి పెద్ద పక్కన కూర్చోబెట్టుకుని మొదటి మాట పలికిస్తారు. ఇరుగుపొరుగు పిల్లలకు మిఠాయి పంచుతారు. ఆనాటి నుంచి చదువు మొదలైనట్టు లెక్క. మరి అంతకుముందు గడిచిన నాలుగేళ్లూ బిడ్డ ఏమీ నేర్చుకోలేదా? నడక, మాట, పట్టు, చూపు, ఓర్పు అన్నీ అప్పుడే నేర్చుకున్నాడు. తర్వాత వచ్చే చదువంతా ఆ పునాది మీద నిలబడేదే.

ఇప్పుడు అంత ఓపిక మనకు లేదు. మా కోటబొమ్మాళిలోనైనా, చుట్టుపక్కల టెక్కలి, నరసన్నపేటల్లోనైనా రెండున్నర, మూడేళ్ల పిల్లల్ని నర్సరీ వ్యాను ఎక్కించే తల్లిదండ్రులు కనిపిస్తూనే ఉంటారు. సాయంత్రం కాపీ పుస్తకంలో ఎన్ని పేజీలు నిండాయో చూసి చదువును కొలుస్తారు. నిండకపోతే కోప్పడతారు. అలా పెరిగిన బిడ్డ ఐదో ఏడు వచ్చేసరికి పెన్సిలు చూస్తేనే మొహం తిప్పుకుంటాడు. ఇక పెద్దగా చదువుకోని తల్లి, "నాకేం వచ్చు? నేర్పాల్సింది బడివాళ్లే కదా" అని వెనక్కి తగ్గుతుంది. ఫీజు కట్టేవారు తొందరపడుతున్నారు, దగ్గరుండి నేర్పగలిగిన తల్లి తనకు రాదనుకుంటోంది. మధ్యలో నష్టపోతున్నది బిడ్డ.

చేయి సిద్ధం కావాలి

పుట్టిన బిడ్డ మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకలు ఇంకా ఎముకలుగా గట్టిపడి ఉండవు. అవి మెత్తని మృదులాస్థి. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటే గట్టిపడుతూ, అన్నీ పూర్తయ్యేసరికి పదేళ్లు దాటవచ్చు. వేళ్ల కండరాలకు కూడా పట్టు మెల్లగానే వస్తుంది. అలాంటి చేతికి మూడో ఏటనే పెన్సిలిచ్చి గంటసేపు గీతల మధ్య రాయించడం లేగదూడకు కాడి కట్టడం వంటిది.

పూర్వం మన మక్తబ్‌లలో తఖ్తీ మీద రాయించేవారు. ఆ తఖ్తీని ముందు కడగాలి. ముల్తానీ మట్టి పూసి ఎండలో ఆరబెట్టాలి. గీతలు గీసుకోవాలి. రెల్లు కలాన్ని సిరాలో ముంచి, అదనపు సిరా విదిలించాలి. ఒక్క అక్షరం రాయకముందే చేతికి ఇంత పని పడేది. తెలుగు వీధిబడులలోనూ పిల్లలు ముందు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. 18వ శతాబ్దం చివర మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఈ ఇసుక రాతను చూసి ముచ్చటపడి తన బడిలో ప్రవేశపెట్టాడు. 1797లో తన అనుభవాలను లండన్‌లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ విధంగా మన వీధిబడి ఇసుక "మద్రాసు పద్ధతి" పేరిట ఇంగ్లండు బడులకు చేరింది.

ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని ఒక పేదల పేటలో పసిపిల్లల బడి తెరిచారు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద పిల్లల చేత వేలు నడిపించడం ఆమె పద్ధతి. బొత్తాలు పెట్టుకోవడం, నీళ్లు ఒంపడం, గది ఊడ్వడం కూడా ఆ బడిలో పాఠాలే. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె చెప్పిన పాఠాలకు కావలసిన సరంజామాలో చాలా భాగం మన వంటింట్లోనే ఉంది.

ఏ వయసుకు ఏ పని?

ఏడాది నుంచి రెండేళ్ల వరకు: ఈ వయసులో బిడ్డకు వేయడం, తీయడం, మూయడం, తెరవడం ఇష్టం. ఒకదానిలో ఒకటి ఇమిడే స్టీలు గిన్నెలు నాలుగు, మూతలతో సహా ముందు పెట్టండి. ఏ మూత ఏ గిన్నెకు సరిపోతుందో వాడే వెతుక్కుంటాడు. కొబ్బరి పీచు, గోనె గుడ్డ, మెత్తని పట్టు గుడ్డ తాకించి "గరుకు", "మెత్తన" అనే మాటలు చెప్పండి. మీ మొహానికి దుపట్టా అడ్డం పెట్టి తీయండి. కనబడకపోయినా అమ్మ అక్కడే ఉందన్న నమ్మకం కూడా బిడ్డ నేర్చుకోవలసిందే.

రెండు నుంచి మూడేళ్ల వరకు: రొట్టెలకు పిండి కలిపేటప్పుడు ఒక ముద్ద బిడ్డకివ్వండి. నలపనివ్వండి, అదమనివ్వండి, చిన్న ఉండలు చేయనివ్వండి. తోటకూర ఆకులు తుంచమనండి. తడి గుడ్డ పిండమనండి. రేపు కలం పట్టుకునే వేళ్లు ఇవే. గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు ఒంపడం నేర్పండి, నాలుగు చుక్కలు కింద పడితే తుడవడం కూడా నేర్పండి. ఉల్లిపాయలు ఒక బుట్టలో, బంగాళాదుంపలు ఒక బుట్టలో వేయమనండి. గడపలో కలిసిపోయిన చెప్పులను జతలు చేయమనండి. ఒకే రకమైనవాటిని ఒకచోట చేర్చడమే లెక్కలలో తొలి పాఠం.

మూడు నుంచి నాలుగేళ్ల వరకు: దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు పళ్లేలు పెట్టే పని బిడ్డకు అప్పగించండి. అబ్బాకు ఒకటి, అమ్మీకి ఒకటి, దాదీకి ఒకటి. మనిషికొక పళ్లెం పెట్టిన బిడ్డకు అంకె అంటే ఏమిటో తెలుస్తుంది. ఒకటి నుంచి వంద వరకు గడగడా అప్పజెప్పే పిల్లలలో ఐదు గ్లాసులు తెమ్మంటే తికమకపడేవారిని నేను చూశాను. మీరు వుజూ చేసేటప్పుడు పక్కన నిలబెట్టుకోండి. చేతులు మూడుసార్లు, తర్వాత నోరు, తర్వాత ముక్కు అన్న వరుసను చూస్తాడు. ముందు, తర్వాత, ఎన్నిసార్లు అన్నవి అక్కడే తెలుస్తాయి. జానమాజ్ మడత పెట్టమనండి. సగానికి సగం అంటే ఏమిటో చేతికి అర్థమవుతుంది.

నాలుగు నుంచి ఆరేళ్ల వరకు: కందులు, పెసలు, చోళ్లు కలిపి ఇచ్చి వేరు చేయమనండి. చింతపిక్కలను ఐదేసి కుప్పలు పెట్టించండి. ఎన్ని చిన్న గ్లాసుల నీళ్లు పోస్తే చెంబు నిండుతుందో ముందు ఊహించమని, తర్వాత పోసి చూడమనండి. పాత పత్రిక కాగితంతో పడవ చేయించండి. మొద్దు కత్తెరతో కత్తిరించనివ్వండి. వేసవిలో తాటిముంజెలు తిన్నాక మిగిలిన బుర్రలతో బండి చేసి ఇవ్వండి. చక్రం ఎందుకు దొర్లుతుందో, బండి ఎందుకు ఒక పక్కకు లాగుతుందో వాడే అడుగుతాడు.

అక్షరాల కోసం పళ్లెంలో జల్లించిన ఇసుక గాని, ఉప్మా రవ్వ గాని పలచగా పరవండి. మన నౌపడ ఉప్పు చేతికి దగ్గరే అయినా అది వద్దు, కళ్లలో పడితే మంట. ముందు నిలువు గీత, అడ్డ గీత, సున్న చుట్టించండి. నిలువు గీత వచ్చిన బిడ్డకు అలిఫ్ వచ్చినట్టే. పడవ గీసి కింద చుక్క పెడితే బే. సున్న చుట్టిన చేతికి తెలుగు అక్షరాల గుండ్రదనం కష్టమనిపించదు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తాయని వేలికి ముందే అలవాటవుతుంది. తప్పుపోతే పళ్లేన్ని ఒకసారి కదిపితే చాలు, చెరిగిపోతుంది. ఎర్ర సిరా గుర్తులుండవు.

బొమ్మలు కొనే స్తోమత ఉంటే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక కొయ్యబొమ్మలు చూడండి. అంకుడు కర్రను చెక్కి, లక్కలో చెట్ల నుంచి తీసిన రంగులు కలిపి పూస్తారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. స్తోమత లేనివారు దిగులుపడనక్కరలేదు. గిన్నెలు, మూతలు బిడ్డకు ఏ బొమ్మకూ తీసిపోవు.

ఈ జాగ్రత్తలు మరవకండి

మూడేళ్లలోపు పిల్లల చేతికి చింతపిక్కలు, గింజలు, పూసలు, బొత్తాలు ఇవ్వరాదు. నోట్లో పూర్తిగా పట్టే వస్తువేదైనా గొంతుకు అడ్డం పడవచ్చు. గింజలు ముక్కులో, చెవిలో దోపుకునే అలవాటు పెద్ద పిల్లలకూ ఉంటుంది కనుక పక్కన ఒకరు ఉండాలి. గడియారాలలో, బొమ్మలలో ఉండే బిళ్ల బ్యాటరీలు మింగితే ప్రాణాపాయం. నీళ్ల ఆట అయిపోగానే బకెట్ బోర్లించండి, జానెడు నీళ్లలోనూ పసిబిడ్డ మునిగిపోగలదు. పొయ్యి వెలుగుతుండగా వంటింట్లో ఈ పాఠాలు పెట్టకండి.

రెండు భాషలూ బిడ్డవే

మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. కొందరు తల్లిదండ్రులు బడిలో వెనకబడతాడేమోనని ఇంట్లో ఉర్దూ మానేసి, తమకే సరిగా రాని ఇంగ్లీషులో బిడ్డతో మాట్లాడుతున్నారు. దాంతో ఇంట్లో మాటలే తగ్గిపోతున్నాయి. పిండి కలుపుతూ, ఆకు తుంచుతూ మీకు బాగా వచ్చిన భాషలో ధారాళంగా మాట్లాడండి. నానీ ఉర్దూలో కథ చెబితే, పక్కింటి మామ్మ తెలుగులో పొడుపుకథ వేస్తే బిడ్డకు రెండింతల లాభం. ఒక భాషలో "బరువు" అంటే ఏమిటో తెలిసిన బిడ్డకు మరో భాషలో దాని పేరు నేర్చుకోవడం ఎంతసేపు?

తండ్రులకూ ఒక మాట

ఇదంతా ఆడవాళ్ల పని అని తండ్రులు తప్పించుకోరాదు. దుకాణం ఉన్నవారు సెలవు పూట బిడ్డను త్రాసు పక్కన కూర్చోబెట్టుకోండి. ఏది బరువో, ఏది తేలికో కళ్లారా చూస్తాడు. దైవప్రవక్త (స) ఒక చిన్న పిల్లవాడి పెంపుడు పిట్ట గురించి ఆ పిల్లవాణ్ణే ఆప్యాయంగా అడిగిన సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. అంతటి బాధ్యతల మధ్య పసివాడి పిట్ట గురించి అడిగే తీరిక ఆయనకు ఉంది. మనకు లేదనడం సబబా? 1111లో కన్నుమూసిన ఇమామ్ గజాలీ కూడా పాఠం తర్వాత బిడ్డను ఆడుకోనివ్వాలని, ఆట మాన్పించి ఎల్లవేళలా చదువుతో బాధిస్తే మనసు మొద్దుబారుతుందని హెచ్చరించారు.

బిడ్డ అల్లరి చేయకుండా సెల్‌ఫోన్ చేతికివ్వడం ఇప్పుడు ఇంటింటా కనిపించే దృశ్యం. రెండేళ్లు నిండని పిల్లలకు తెర చూపించవద్దని, ఐదేళ్లలోపు వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తెర మీద పిండిముద్ద ఎంత అందంగా కనిపించినా వేళ్లకు అందదు.

బడికి పంపవద్దని మా ఉద్దేశం కాదు. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీలలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలతో కూడిన పూర్వ ప్రాథమిక విద్య అందించాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసులో ఆటల ద్వారానే నేర్పాలని చెప్పింది. అంగన్‌వాడీకి గాని, నర్సరీకి గాని పంపితే "ఎన్ని పేజీలు రాశాడు?" అని కాక, "ఏం చేశాడు? ఏం అడిగాడు?" అని టీచరును విచారించండి.

రోజుకు అరగంట చాలు. పని కొంత ఆలస్యమవుతుంది, పిండి కొంత నేల పాలవుతుంది. కసరకండి. చేసిన పనిని మెచ్చుకోండి. అక్షరం రాని తల్లి కూడా ఈ పాఠాలన్నీ చెప్పగలదు. ఆమె చేత పిండిముద్ద పుచ్చుకున్న బిడ్డ రేపు కలం పట్టినప్పుడు భయపడడు. మన పిల్లలకు చదువు మీద ప్రేమను, మనకు వారి పట్ల ఓర్పును అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.