ఎదిగిన బిడ్డల విదేశ ప్రయాణము - పంచాయతీ జనన రిజిస్టరు

గోదావరి ముఖమునగల కోరంగి రేవునుండి మన పూర్వులు ఓడలెక్కి బర్మాకు పోవుచుండిరి. అచట తెలుగువారికి ‘కోరంగీలు’ అను పేరు ఆ రేవునుబట్టియే వచ్చినది. 1937 వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమగుటచే, బిడ్డలను వెంట తీసికొనిపోవుటకు వీసా ప్రసక్తియే లేకుండెను. నేడు పరిస్థితి వేరు. కోనసీమనుండి గల్ఫు దేశములకును, డెల్టా పట్టణములనుండి అమెరికాకును వెళ్ళినవారు అమ్మమ్మ యింట వదలిన బిడ్డలను పిలిపించుకొనవలెనన్న, మొదట చూడబడునది బిడ్డ వయస్సు.

ఈ వయఃపరిమితి దేశదేశమునకు మారును. బ్రిటనులో దరఖాస్తు చేయునాటికి బిడ్డకు 18 ఏండ్లు నిండియుండరాదు. కెనడాలో 2017 అక్టోబరు 24 నుండి 22 ఏండ్లు నిండని, అవివాహితులైన బిడ్డలను ఆశ్రితులుగా ఎంచుచున్నారు. ఐక్య అరబ్ ఎమిరేట్లలో 2022 సంస్కరణలతో అవివాహితుడైన కుమారునికి ఈ పరిమితి 25 ఏండ్లకు పెరిగినది. అవివాహితయైన కుమార్తెకు పరిమితి లేదు. అయితే పిలిపించుకొను తండ్రికి నిర్ణీత జీతమును, వసతియును ఉండవలెను.

అమెరికా చట్టము ప్రకారము ‘బిడ్డ’ యనగా 21 ఏండ్లు నిండని అవివాహితులు. తల్లి గాని తండ్రి గాని ఆ దేశపు పౌరులైనచో, అర్జీ దాఖలైననాటి వయస్సునే లెక్కింతురు. గ్రీన్ కార్డు మాత్రమే కలవారి బిడ్డ వరుసలో వేచియుండవలెను. 2002 నాటి చట్టమువలన, అర్జీ పరిశీలనలో గడచిన దినములు వయస్సునుండి తగ్గింపబడును; వీసా అందుబాటులోనికి వచ్చిన ఏడాదిలోగా బిడ్డ తదుపరి చర్య తీసికొనవలెను. ఆ లెక్కలోను 21 దాటినవారు మరింత దీర్ఘమైన వరుసలోనికి మారుదురు.

ఇచట ఒక హెచ్చరిక. ‘పిల్ల ఎదిగినది, పెండ్లిచేసి పంపుదము’ అని పెద్దలు తొందరపడుట కలదు. గ్రీన్ కార్డుదారు పిలిచిన బిడ్డకు వీసా రాకమునుపే వివాహమైనచో ఆ అర్జీ రద్దగును. పిదప తండ్రి పౌరుడైనను అది మరల బ్రతుకదు. ఒక్క ముహూర్తముతో ఏండ్ల నిరీక్షణ వ్యర్థమగును.

ఇంత దూరపు వ్యవహారమునకు పంచాయతీతో పనియేమి? బిడ్డను ముందుగా బడిలో చేర్చుటకై పుట్టినతేదీని ఒక ఏడు వెనుకకు వేయించుట మన పల్లెలలో ఎరుగని సంగతి కాదు. అదే తేదీ పాస్‌పోర్టులోనికి ఎక్కినచో, నిజముగా 20 నిండిననాడే కాగితముపై 21 నిండును. చేజేతుల ఒక ఏడు పోగొట్టుకొన్నట్లే. జనన రిజిస్టరులో ఒక తేదీ, బడి రికార్డులో మరొక తేదీ ఉన్నచో అధికారులకు సందేహమును కలుగును. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక ఉండుట, తల్లి పేరు పుట్టింటి పేరుతో ఉండుట ఇట్టివే చిక్కులు.

జననమును 21 దినములలో నమోదు చేయించవలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. 2023 అక్టోబరు 1 నాడును, తరువాతను పుట్టినవారికి బడిలో చేరుటకును, పాస్‌పోర్టునకును జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారము. కావున సభ్యులు తమ వార్డులో పుట్టిన ప్రతి బిడ్డ నమోదైనదో లేదో విచారింపవలెను. నమోదు వేళ పేరు పెట్టనిచో, పిదప ఆ పేరును చేర్పింపవలెను. తప్పులున్నచో పంచాయతీ కార్యదర్శి ద్వారా, ప్రయాణపు తొందర రాకమునుపే, సక్రమముగా దిద్దించవలెను.

తోబుట్టువుల బిడ్డను తమ బిడ్డగా చూపింపుమని చెప్పు దళారులను నమ్మరాదు. రక్తసంబంధమును డి.ఎన్.ఏ. పరీక్షవలన తేల్చవచ్చును, అబద్ధము బయటపడినచో ఆ బిడ్డకు శాశ్వతముగా దారి మూసికొనిపోవచ్చును.

తల్లిని చేరవలెనని ఎదురుచూచు బిడ్డకు వీసా నిచ్చునది పరదేశమే. కాని ఆ బిడ్డ ఎవరి బిడ్డయో, ఏనాడు పుట్టెనో చెప్పవలసినది మన రిజిస్టరు. ఆ మాట నిజమై, సకాలమున వ్రాయబడియుండునట్లు చూచుట మన కర్తవ్యము.