డ్రైవరు ప్రోగ్రాములలో సైన్డ్, అన్‌సైన్డ్ పూర్ణాంకాలు

సైన్డ్, అన్‌సైన్డ్ పూర్ణాంకాలు అనేవి కంప్యూటరు ప్రోగ్రాములలో పూర్ణ సంఖ్యలను నిల్వ చేసే రెండు విధాలు. సైన్డ్ రకంలో ఋణ సంఖ్యలు, సున్నా, ధన సంఖ్యలు ఇముడుతాయి. అన్‌సైన్డ్ రకంలో సున్నా మరియు ధన సంఖ్యలు మాత్రమే ఇముడుతాయి. కంప్యూటరుకు అనుసంధానించిన పరికరాన్ని నడిపే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. పరికరం పంపేవి కేవలం బిట్లు. వాటిని ఏ విధమైన సంఖ్యగా చదవాలో నిర్ణయించేది డ్రైవరు. ఆ నిర్ణయం తప్పితే పరికరం సరిగా పనిచేస్తున్నా ఫలితం తప్పుగా వస్తుంది. అటువంటి తప్పు ప్రోగ్రామును పరీక్షించిన చోట కనబడకుండా, వేరొక చోట బయటపడవచ్చు.

సంఖ్యల నిల్వ

8 బిట్లతో 256 విభిన్న అమరికలు ఏర్పడతాయి. అన్‌సైన్డ్ రకంలో ఇవి 0 నుండి 255 వరకు గల సంఖ్యలు. సైన్డ్ రకంలో ఇవే −128 నుండి 127 వరకు గల సంఖ్యలు. ఋణ సంఖ్యలను టూస్ కాంప్లిమెంట్ అనే పద్ధతిలో నిల్వ చేస్తారు. ఈ పద్ధతిలో −18ని నిల్వ చేయడానికి 256 నుండి 18 తీసివేయగా వచ్చే 238 యొక్క అమరికను, అనగా 11101110ని, వాడతారు. కనుక ఒకే అమరికను సైన్డ్‌గా చదివితే −18, అన్‌సైన్డ్‌గా చదివితే 238 వస్తుంది. ఏది సరియైనదో ఆ బిట్లను చూసి చెప్పడం సాధ్యం కాదు. 0 నుండి 127 వరకు గల సంఖ్యలకు మాత్రం రెండు పఠనాలూ ఒకటే. ఈ విషయంలో జరిగే పొరపాట్లు చాలాకాలం దాగి ఉండడానికి ఇదే ముఖ్య కారణం.

హార్డ్‌వేరు రిజిస్టర్లు

పరికరంలోని నియంత్రణ రిజిస్టర్లు సాధారణంగా సంఖ్యలు కావు. ప్రతి బిట్టు ఒక మీట వంటిది; ఒకటి మోటారును నడపవచ్చు, మరొకటి అంతరాయ సంకేతాన్ని ఆపవచ్చు. ఇటువంటి వాటికి అన్‌సైన్డ్ రకమే తగినది. సైన్డ్ సంఖ్యను కుడివైపుకు జరిపినప్పుడు ఖాళీ అయిన ఎడమ స్థానాలలో సాధారణంగా గుర్తు బిట్టే తిరిగి చేరుతుంది. అన్‌సైన్డ్ సంఖ్యలో సున్నాలు చేరుతాయి. పైగా 32 బిట్ల సైన్డ్ రకంలో 1ని 31 స్థానాలు ఎడమకు జరిపితే ఏమి జరగాలో సి భాష ప్రమాణం నిర్వచించలేదు.

బిట్ల సంఖ్య కూడా స్థిరంగా ఉండాలి. సి భాషలోని సాధారణ పూర్ణాంక రకాల పరిమాణం యంత్రాన్ని బట్టి మారవచ్చు. అందువలన 1999 నాటి సి ప్రమాణం కచ్చితమైన 8, 16, 32, 64 బిట్ల రకాలకు పేర్లు నిర్ణయించింది. లినక్సు కెర్నెల్‌లో వీటిని క్లుప్తంగా యు8, యు16, యు32, యు64 అనీ, సైన్డ్ అయితే ఎస్8, ఎస్16, ఎస్32, ఎస్64 అనీ వ్రాస్తారు.

కొలతలను చదవడం

కొలిచే పరికరాల రిజిస్టర్లలో ఉండేది నిజమైన సంఖ్య. విస్తృతంగా వాడుకలో ఉన్న ఎల్ఎం75 ఉష్ణోగ్రత సెన్సారు −55 నుండి 125 డిగ్రీల సెల్సియస్ వరకు కొలుస్తుంది. ఇది కొలతను అర డిగ్రీ మెట్లలో, 16 బిట్ల రిజిస్టరులోని పై 9 బిట్లలో, టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో ఉంచుతుంది. −18 డిగ్రీలంటే −36 అర డిగ్రీలు. 9 బిట్లలో దీని అమరిక 476కు సమానం. డ్రైవరు ఆ రిజిస్టరును అన్‌సైన్డ్‌గా చదివి 7 స్థానాలు కుడికి జరిపితే 476 వచ్చి, ఉష్ణోగ్రత 238 డిగ్రీలని తేలుతుంది. 16 బిట్ల సైన్డ్ రకంలో ఉంచి జరిపితే గుర్తు నిలిచి, −36 వస్తుంది. డీఎస్18బి20 సెన్సారు డిగ్రీలో 16వ వంతు వరకు కొలుస్తుంది. అక్కడ ఇదే పొరపాటు −18ని 4078 డిగ్రీలుగా చూపుతుంది.

ప్రాంతాన్ని బట్టి దాగే దోషాలు

పరీక్షించే ప్రాంతం ఇటువంటి దోషాలను ఎలా కప్పిపుచ్చుతుందో గ్రహించడానికి ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం మంచి ఉదాహరణలు. ఈ పట్టణాలలో చలికాలంలో కూడా గాలి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు దిగదు. శ్రీకాకుళం సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. విజయనగరం సుమారు 18.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.4 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఉత్తర అక్షాంశాలను, తూర్పు రేఖాంశాలను ధన సంఖ్యలుగా వ్రాయడం ఆనవాయితీ. భారత ప్రామాణిక కాలం అంతర్జాతీయ కాలానికి 330 నిమిషాలు ముందుంటుంది. అదీ ధన సంఖ్యే. కనుక ఈ నాలుగు రాశులనూ పొరపాటున అన్‌సైన్డ్‌గా వ్రాసిన డ్రైవరు కూడా ఇక్కడ ఆరుబయట ఏళ్ళ తరబడి సరిగానే పనిచేస్తుంది. అదే పరికరం లడఖ్ చలిలో ఉష్ణోగ్రతను, అమెరికాలో రేఖాంశాన్ని, ఆస్ట్రేలియాలో అక్షాంశాన్ని తప్పుగా చూపుతుంది.

అయితే ఈ ప్రాంతంలో కూడా ఋణ సంఖ్యలు లేకపోలేదు. జీపీఎస్ గ్రాహకాలు సముద్రమట్టం నుండి ఎత్తుతో పాటు, భూమిని ఎలిప్సాయిడ్‌గా భావించి లెక్కించిన ఎత్తును కూడా ఇస్తాయి. భారతదేశ తూర్పు తీరంలో సముద్రమట్టం ఆ ఎలిప్సాయిడ్‌కు పదుల మీటర్ల దిగువన ఉంటుంది. కనుక వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరాన ఈ రెండవ ఎత్తు ఋణ సంఖ్యగా వస్తుంది. ఉదాహరణకు −60 మీటర్లను మిల్లీమీటర్లలో వ్రాసి 32 బిట్ల అన్‌సైన్డ్ రకంగా చదివితే, ఆ గ్రాహకం సుమారు 4,295 కిలోమీటర్ల ఎత్తున ఉన్నట్లు తేలుతుంది.

రెండవది శీతల గిడ్డంగి. శ్రీకాకుళం తీర మండలాలలో రొయ్యల సాగు ఉంది. గడ్డకట్టించిన రొయ్యలను −18 డిగ్రీలకు మించని ఉష్ణోగ్రతలో నిల్వ ఉంచాలి. బయట గాలిలో పరీక్షించినప్పుడు 30 డిగ్రీలని సరిగా చూపిన డ్రైవరు, గిడ్డంగి లోపల 238 అని చూపవచ్చు.

పోలికలలో పొరపాట్లు

అసంభవమైన సంఖ్య తెరపై కనిపిస్తే తప్పు వెంటనే తెలుస్తుంది. అంతకంటే ప్రమాదకరమైనది నిశ్శబ్దంగా జరిగే తప్పు. సి భాషలో 32 బిట్ల సైన్డ్ సంఖ్యను అదే పరిమాణం గల అన్‌సైన్డ్ సంఖ్యతో పోల్చినప్పుడు, కంపైలరు ముందుగా సైన్డ్ సంఖ్యను అన్‌సైన్డ్‌గా మారుస్తుంది. గిడ్డంగిలో ఉష్ణోగ్రత −18ని దాటితే గంట మోగాలని ప్రోగ్రాములో వ్రాశారనుకుందాం. హద్దు సైన్డ్ రకం, ఉష్ణోగ్రత అన్‌సైన్డ్ రకం. విద్యుత్తు పోయి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు చేరింది. పోలికలో −18 కాస్తా 4,29,49,67,278గా మారుతుంది. 5 అంతకంటే ఎక్కువ కాదు కనుక గంట మోగదు. తెరపై 5 అని సరిగానే కనిపిస్తుంది. సరుకు మాత్రం కరిగిపోతుంది.

8 లేదా 16 బిట్ల అన్‌సైన్డ్ రకాల విషయంలో ఇలా జరగదు. పోలికకు ముందు అవి 32 బిట్ల సైన్డ్ రకంగా మారతాయి. చిన్న రకంతో సరిగా నడిచిన ప్రోగ్రాము పెద్ద రకానికి మార్చగానే చెడిపోవడానికి ఇదొక కారణం.

తేడాలు మరియు కౌంటర్లు

రాశి ఎప్పుడూ ధనమే అయినా, రెండు రాశుల తేడా ఋణం కావచ్చు. నాగావళి, వంశధార వంటి నదుల నీటిమట్టాన్ని సెంటీమీటర్లలో కొలిచే పరికరాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మట్టం 1240 నుండి 1215కు తగ్గితే మార్పు −25. దీనిని 16 బిట్ల అన్‌సైన్డ్ రకంలో ఉంచితే 65,511 అవుతుంది. అంటే వరద తీస్తున్న సమయంలో నది 655 మీటర్లు పెరిగినట్లు హెచ్చరిక వెలువడుతుంది.

ఇందుకు భిన్నంగా, ఆగకుండా పెరిగే కౌంటర్లకు అన్‌సైన్డ్ రకమే సరియైనది. వర్షమాపకంలోని చిన్న బకెట్టు ఒరిగిన ప్రతిసారీ 8 బిట్ల కౌంటరు ఒకటి పెరుగుతుందనుకుందాం. 255 తరువాత అది సున్నాకు తిరుగుతుంది. మునుపటి విలువ 250, ప్రస్తుత విలువ 3 అయితే, 3 నుండి 250ని తీసివేసి ఫలితాన్ని 8 బిట్ల అన్‌సైన్డ్ రకంలో ఉంచితే సరిగా 9 వస్తుంది. అన్‌సైన్డ్ సంఖ్య నిండి తిరిగి మొదలవడాన్ని సి ప్రమాణం స్పష్టంగా నిర్వచించింది. సైన్డ్ గణనలో ఫలితం హద్దు దాటితే ఏమి జరగాలో నిర్వచించలేదు.

లినక్సు కెర్నెల్‌లో కాలాన్ని లెక్కించే జిఫీస్ అనే కౌంటరు కూడా ఇటువంటిదే. సెకనుకు 1000 చొప్పున పెరిగితే 32 బిట్ల కౌంటరు దాదాపు 49.7 రోజులకు నిండుతుంది. అన్ని రోజులు ఎవరూ పరీక్షించరు. అందువలన యంత్రం మొదలైన 5 నిమిషాలకే కౌంటరు నిండి సున్నాకు తిరిగే విధంగా దాని ప్రారంభ విలువను నిర్ణయించారు. ఎప్పుడో బయటపడవలసిన దోషాన్ని పరీక్షా సమయంలోనే బయటకు రప్పించడం దీని ఉద్దేశం.

దోష సంకేతాలు

లినక్సు డ్రైవర్లలోని అనేక ఫంక్షన్లు విజయవంతమైతే సున్నా లేదా ధన సంఖ్యను, విఫలమైతే ఋణ సంఖ్యను తిరిగి ఇస్తాయి. ఇన్‌పుట్ అవుట్‌పుట్ దోషానికి −5 సంకేతం. ఈ ఫలితాన్ని అన్‌సైన్డ్ రకంలో ఉంచితే, అది సున్నా కంటే తక్కువా అన్న పరీక్ష ఎన్నటికీ నిజం కాదు. వైఫల్యం కూడా విజయంగానే కనిపిస్తుంది. అదే −5ని 8 బిట్ల సైన్డ్ రకంలో ఉంచి ఉష్ణోగ్రతగా భావిస్తే, తీగ ఊడిపోయిన సెన్సారు −5 డిగ్రీలు చూపుతున్నట్లు ఉంటుంది. కనుక ఫలితాన్ని ముందుగా పూర్తి పరిమాణం గల సైన్డ్ రకంలో ఉంచి, దోషం లేదని నిర్ధారించుకున్న తరువాతనే చిన్న రకంలోకి మార్చాలి.

క్యార్ రకం

సి భాషలో అక్షరాలకు వాడే క్యార్ అనే 8 బిట్ల రకం సైన్డ్ కావాలో అన్‌సైన్డ్ కావాలో ప్రమాణం నిర్ణయించలేదు. లినక్సులో ఎక్స్86 యంత్రాలపై అది సైన్డ్, ఆర్మ్ యంత్రాలపై అన్‌సైన్డ్ అనే ఆనవాయితీ ఉండేది. ఒకే డ్రైవరు ఒక యంత్రంపై సరిగా, మరొకదానిపై తప్పుగా నడిచేది. 2023లో విడుదలైన 6.2 సంచిక నుండి లినక్సు కెర్నెల్‌లో క్యార్‌ను అన్ని యంత్రాలపైనా అన్‌సైన్డ్‌గానే పరిగణిస్తున్నారు. 2024లో వెలువడిన సి ప్రమాణం టూస్ కాంప్లిమెంట్ పద్ధతిని తప్పనిసరి చేసినా, క్యార్ విషయాన్ని కంపైలరుకే వదిలివేసింది.

ప్రసిద్ధ సంఘటనలు

1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్టు తొలి ప్రయోగంలోనే, బయలుదేరిన 40 సెకన్ల లోపు నాశనమయింది. 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల సైన్డ్ పూర్ణాంకంగా మార్చేటప్పుడు విలువ హద్దు దాటడమే దీనికి మూలం. ఆ ప్రోగ్రాము ఏరియన్ 4 కొరకు వ్రాసినది. ఆ రాకెట్టు ప్రయాణంలో విలువ ఎన్నడూ అంత పెరగలేదు.

1970 జనవరి 1 నుండి గడచిన సెకన్లను 32 బిట్ల సైన్డ్ రకంలో లెక్కించే వ్యవస్థలలో గరిష్ఠ విలువ 2,14,74,83,647. భారత కాలం ప్రకారం ఇది 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు పూర్తవుతుంది. తరువాతి సెకనులో అటువంటి గడియారాలు 1901 డిసెంబరుకు వెళతాయి.

ఎంపిక సూత్రాలు

* బిట్ల సముదాయాలకు, రిజిస్టర్లకు, తిరిగి మొదలయ్యే కౌంటర్లకు కచ్చితమైన పరిమాణం గల అన్‌సైన్డ్ రకం.
* ఉష్ణోగ్రత, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, మట్టంలో మార్పు వంటి వాటికి సైన్డ్ రకం.
* దోష సంకేతాలు తిరిగి ఇచ్చే ఫంక్షన్ల ఫలితాలకు సైన్డ్ రకం.
* ఒకే పోలికలో రెండు రకాలను కలపకపోవడం. కంపైలరు ఇచ్చే హెచ్చరికలను ఉపేక్షించకపోవడం.
* రకాన్ని పరికరం యొక్క డేటాషీటును బట్టి నిర్ణయించడం. పరీక్షలో కనిపించిన విలువలన్నీ ధనమే కావడం అన్‌సైన్డ్ రకాన్ని ఎన్నుకోవడానికి ఆధారం కాదు.
* సున్నాకు ఇరువైపులా గల విలువలతోను, కనిష్ఠ, గరిష్ఠ విలువలతోను పరీక్షించడం. చలి లేని ఊరిలో సెన్సారును మంచు పెట్టెలో ఉంచవచ్చు, లేదా రిజిస్టరు విలువను కృత్రిమంగా అందించవచ్చు.

ఇవి కూడా చూడండి

* ద్విసంఖ్యామానం
* సి ప్రోగ్రామింగు భాష
* లినక్సు కెర్నెల్
* 2038 సమస్య