సీసా మీద లేబుల్: అచ్చుకు ఇచ్చే ముందు

మీరు ఇంట్లో ఆవకాయ పెట్టి, పావుకిలో సీసాల్లో నింపి అమ్మాలనుకుంటున్నారనుకుందాం. ఇంతవరకూ ఇరుగుపొరుగువారు మిమ్మల్ని చూసి, మీ చేతి రుచి ఎరిగి కొన్నారు. ఇకపై మీ సీసా ఏదో ఒక కిరాణా కొట్టు అరలో ఉంటుంది. దాని పక్కన మీరు ఉండరు. ఇందులో ఏముంది, ఎప్పుడు చేశారు, పాడైతే ఎవరిని అడగాలి అనే ప్రశ్నలకు లేబులే జవాబు చెప్పాలి.

చాలామంది నేరుగా డి.టి.పి. సెంటరుకు వెళ్లి "మంచి డిజైన్లు చూపించండి" అంటారు. అది తలకిందుల పని. ముందు మాటలు, తర్వాత కొలతలు, ఆ తర్వాతే రంగులు. లేబుల్‌లో ఒక్క అంకె తప్పు పడితే అది వెయ్యి లేబుళ్ల మీదా తప్పుగానే ఉంటుంది.

మారనివి, మారేవి

ఒక తెల్ల కాగితం తీసుకొని మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ఎప్పుడూ మారని వివరాలు రాయండి. కుడివైపు, పచ్చడి పెట్టిన ప్రతిసారీ మారేవి రాయండి.

ఎడమవైపు ఏమేమి వస్తాయి? పదార్థం పేరు, అందులో వాడిన దినుసులు, నికర బరువు, తయారుచేసినవారి పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు, ఈ-మెయిల్, పోషక విలువల పట్టిక, నిల్వ చేసే పద్ధతి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. గుర్తు, దానితో పాటు మీకు ఇచ్చిన 14 అంకెల నంబరు కూడా ఉండాలి. ఆ నంబరు చేతికి వచ్చాకే అచ్చుకు వెళ్లండి. 'వస్తుందిలే' అని ముందుగా లేబుళ్లు వేయించుకున్నవారు తర్వాత వాటిని పారేయవలసి వస్తుంది.

కుడివైపు వచ్చేవి తక్కువే: బ్యాచి నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో తెలిపే తేదీ, ధర. వీటిని అచ్చు వేయించకండి. లేబుల్ మీద వీటికోసం ఖాళీ గడి విడిచిపెట్టండి. సీసాలు నింపిన రోజున ఆ గడిలో రబ్బరు స్టాంపుతో ముద్ర వేసుకోవచ్చు. ఈ ఒక్క జాగ్రత్త వల్ల ఒకే లేబుల్ ఏడాది పొడవునా పనికివస్తుంది. మామూలు స్టాంపు సిరా నున్నటి ప్లాస్టిక్ మీద ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. ప్లాస్టిక్ మీద ఆరే సిరా అడిగి తీసుకోండి.

ధర పెరిగితే పాత ధర మీద చిన్న కాగితం అతికించవచ్చా? అతికించకూడదు. ధర తగ్గించినప్పుడు మాత్రం కొత్త ధర అతికించవచ్చు. అప్పుడు కూడా పాత ధర కనబడుతూనే ఉండాలి.

చట్టం అడిగేవి

ఆహార పదార్థాల లేబుళ్లకు ముఖ్యంగా రెండు చట్టాలు వర్తిస్తాయి. ఒకటి 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. రెండోది 2009 నాటి తూనికలు కొలతల చట్టం. వీటి కింద వచ్చిన నిబంధనల్లో కొత్తవారు ఎక్కువగా తడబడేవి కొన్ని చూద్దాం.

దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఆవకాయలో మామిడి ముక్కలు ముందు వస్తాయి. తర్వాత నూనె, కారం, ఉప్పు, ఆవపిండి మీ కొలతలను బట్టి వస్తాయి. 'నూనె' అని వదిలేయకుండా 'నువ్వుల నూనె' అని రాయండి. పల్లీల పొడి కూడా అమ్ముతుంటే, వేరుశనగ ఉందని విడిగా చెప్పాలి. అది కొందరి ఒంటికి అస్సలు పడదు. వారికి ఆ ఒక్క మాట ప్రాణంతో సమానం.

శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క ఉండాలి. కోడి మాంసం పచ్చడి, రొయ్యల పచ్చడి వంటి వాటికి గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రికోణం ఉండాలి. 2020 నిబంధనలకు ముందు ఇక్కడ కూడా చుక్కే ఉండేది. అందువల్ల డి.టి.పి. సెంటర్లలోని పాత ఫైళ్లలో ఇంకా ఆ చుక్క కనబడవచ్చు, చూసుకోండి.

బరువు దగ్గర 'సుమారు', 'దాదాపు' వంటి మాటలు పనికిరావు. ధర దగ్గర 'అన్ని పన్నులతో కలిపి' అని ఉండాలి. కిలోకు లోపు ప్యాకెట్లకు గ్రాము ధర కూడా చూపాలి. 250 గ్రాముల సీసా 125 రూపాయలైతే గ్రాముకు 0.50 రూపాయలు అని రాస్తారు. ధర మారితే ఇదీ మారుతుంది కనుక దీన్ని కూడా ఖాళీ గడిలోనే ఉంచండి.

చట్టం అడిగే వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని తప్పక ఉండాలి. వాటితో పాటు తెలుగులో కూడా వేసుకోవచ్చు. మీ సీసా మన ఊళ్లలోనే అమ్ముడుపోయేదైతే పేరు, దినుసులు, తేదీల గడి శీర్షికలు తెలుగులో కూడా వేయించడం మంచిది. చదవలేని లేబుల్ కొనేవారికి ఎందుకు?

కొలత, కాగితం

సీసా చుట్టూ కాగితం చుట్టి, రెండు కొసలు కలిసేచోట గుర్తు పెట్టండి. అది చుట్టుకొలత. 7 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సీసాకు సుమారు 22 సెంటీమీటర్లు వస్తుంది. సీసా పైకి సన్నబడుతుంటే నిలువు అంచుల లేబుల్ ముడతలు పడుతుంది. తిన్నని ఒళ్లున్న సీసాలు ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

పచ్చడి లేబుల్‌కు అసలు శత్రువు నూనె. మామూలు కాగితం నూనె పీల్చుకొని మరకలు పడి, నెలలోపే అక్షరాలు కనబడకుండా పోతాయి. ప్లాస్టిక్ పొర స్టిక్కరు గాని, లామినేషను చేసిన కాగితం గాని అడగండి. పొడులకైతే కాగితం లేబులే చాలు.

ఎన్ని వేయించాలి?

ఆఫ్‌సెట్ అచ్చుకు మొదట ప్లేట్లు చేయాలి. ఎన్ని లేబుళ్లు వేసినా ఆ ఖర్చు తప్పదు. డిజిటల్ అచ్చుకు ప్లేట్లు అక్కర్లేదు గాని ఒక్కో లేబుల్‌కు ఖర్చు ఎక్కువ. లెక్క కోసం ఇలా అనుకుందాం: ప్లేట్లకు 2000 రూపాయలు, ఆఫ్‌సెట్ లేబుల్ ఒక్కటి 40 పైసలు, డిజిటల్ లేబుల్ ఒక్కటి 3 రూపాయలు. 500 లేబుళ్లకు ఆఫ్‌సెట్‌లో 2200, డిజిటల్‌లో 1500 అవుతుంది. 5000 లేబుళ్లకు ఆఫ్‌సెట్‌లో 4000, డిజిటల్‌లో 15000 అవుతుంది. రేట్లు ఊరిని బట్టి మారతాయి, లెక్క కట్టే పద్ధతి మాత్రం ఇదే.

మొదటిసారి 500 మించి వేయించకండి. 'ఎక్కువ వేస్తే చవక' అన్న మాట నిజమే. కానీ చిరునామా మారినా, సీసా మారినా ఆ చవక లేబుళ్లు చిత్తుకాగితాలే. అమ్మకం కుదుటపడ్డాక పెద్ద ఆర్డరుకు తమిళనాడులోని శివకాశి దాకా వెళ్లేవారున్నారు. అగ్గిపెట్టెల, బాణాసంచా లేబుళ్లు వేస్తూనే ఆ ఊరు అచ్చుపనిలో పేరు తెచ్చుకుంది.

ప్రూఫు మీద సంతకం

ప్రెస్సువారు మీకు ఒక ప్రూఫు ఇస్తారు. దాన్ని ఫోనులో చూసి 'బాగుంది' అనకండి. కాగితం మీద, అసలు కొలతలో తీయించి, సీసాకు చుట్టి చూడండి. ఫోను తెరపై మెరిసే ఎరుపు కాగితం మీద అలా రాదు. ఒకరు మీ మొదటి కాగితం చదువుతుంటే, మరొకరు ప్రూఫు చూడాలి. 14 అంకెల నంబరును, ఫోను నంబరును అంకె అంకె పలకండి. ఒక ఫాంటు నుంచి మరో ఫాంటుకు మార్చినప్పుడు తెలుగు ఒత్తులు చెదిరిపోతాయి. 'పచ్చడి'లో చ-ఒత్తు, 'నువ్వులు'లో వ-ఒత్తు వాటి చోట ఉన్నాయో లేదో ప్రత్యేకంగా చూడండి. మీరు సంతకం చేశాక బయటపడిన తప్పుకు ఖర్చు సాధారణంగా మీదే.

మీరు చేయండి: ఇంట్లో ఉన్న ఏదైనా పచ్చడి సీసా గాని, కారం ప్యాకెట్టు గాని తీసుకోండి. దాని మీది వివరాలను గీత గీసిన కాగితంపై మారనివి, మారేవిగా విడదీసి రాయండి. మారేవి అచ్చులో ఉన్నాయా, తర్వాత ముద్ర వేశారా గమనించండి.