తేనీరు – దాని గుణం, దాని వేళ

మన కళాశాలలో రెండు భాషలు వినిపించినట్లే ఈ పానీయానికీ రెండు పేర్లు వినిపిస్తాయి. ఉర్దూలో ఇది చాయ్; తెలుగులో టీ లేక తేనీరు. రెండింటికీ పుట్టినిల్లు చైనాయే. భూమార్గాన పారసీకం మీదుగా సాగిన వర్తకం ‘చా’ అనే ఉచ్చారణను తెచ్చింది. ఫుకియన్ ప్రాంతపు ‘తే’ అనే మాటను డచ్చి వర్తకులు ఓడలపై ఐరోపాకు చేర్చగా, అది ఆంగ్లేయుల ద్వారా మనకు టీ అయింది. తేనీరు అన్న మాటలో తేనె ఉన్నట్లు తోచినా ఆ పానీయంలో తేనె లేదు. చక్కెర మాత్రం కావలసినంత ఉంటున్నది. ఆ సంగతి ముందు ముందు చూద్దాం.

పచ్చ టీ అయినా, మనం వాడే నల్లపొడి అయినా కామెలియా సైనెన్సిస్ అనే ఒకే మొక్క ఆకులే. కోసిన ఆకును నలిపి గాలిలోని ప్రాణవాయువు సోకనిస్తే నల్లబడుతుంది. వెంటనే వేడిచేసి ఆ మార్పును ఆపితే పచ్చగా నిలుస్తుంది. ఈ ఆకులో పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు, కెఫీన్, థియనైన్ అనే అమైనో ఆమ్లం ముఖ్యమైనవి. థియనైన్‌ను 1949లో జపాన్‌లోని క్యోటోలో గుర్తించారు. కెఫీన్ మెదడును మేల్కొలుపుతుంది. 150 మిల్లీలీటర్ల టీలో ఇది 30 నుండి 65 మిల్లీగ్రాముల వరకు ఉంటే, అంతే కాఫీలో 80 నుండి 120 వరకు ఉంటుంది.

టీ వలన మేలు కలదా? కలదనే చెప్పవలసి ఉన్నది. బ్రిటన్‌లో సుమారు ఐదు లక్షల మందిని పదేళ్లకు పైగా గమనించి 2022లో ప్రకటించిన ఒక పరిశీలనలో, రోజూ రెండు కప్పులు అంతకు మించి టీ తాగేవారిలో మరణాల ప్రమాదం, తాగనివారితో పోలిస్తే, 9 నుండి 13 శాతం తక్కువగా కనబడింది. అది టీ మహిమేనా, లేక వారి ఇతర అలవాట్ల ఫలమా అన్నది ఇటువంటి పరిశీలనలు పూర్తిగా తేల్చలేవు. పైగా టీ కోసం నీటిని మరిగిస్తాము. మంచినీటికి భరోసా లేనిచోట ఇది చిన్న లాభం కాదు.

ఇంత మేలు గల పానీయానికి ఒక పట్టింపు ఉన్నది. దానిని మన విద్యార్థినులు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. టీలోని వగరు పదార్థాలు అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును కడుపులోనే పట్టివేసి, రక్తంలోకి చేరనీయవు. 1975లో దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగాలలో, రొట్టెతో నీరు తాగినప్పుడు అందులోని ఇనుము సుమారు 10 శాతం ఒంటికి పట్టగా, టీ తాగినప్పుడు 3 శాతమే పట్టింది. మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. రక్తం తక్కువైన విద్యార్థిని తరగతిలో నీరసంగా కూర్చుంటుంది. నీరసం పోవడానికి భోజనం కాగానే కప్పు టీ తాగుతుంది. ఆ టీ నీరసానికి మూలమైన లోపాన్నే పెంచుతుంది! ఐరన్ మాత్రను టీతో మింగేవారి సంగతి ఇక చెప్పనక్కరలేదు.

ఇందుకు పరిష్కారం టీ మానడం కాదు, వేళ మార్చడం. భోజనానికి ముందు ఒక గంట, తరువాత ఒక గంట టీ, కాఫీలు తాగవద్దనీ, రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదనీ మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. ఆ సంస్థ 1918లో నీలగిరి తేయాకు తోటల నడుమ కూనూరులో పుట్టి, 1958లో ఇక్కడికి తరలివచ్చినదని తెలిస్తే, టీపై ద్వేషంతో చెప్పిందని ఎవరూ అనుకోరు.

పరీక్షల రాత్రులలో కప్పు మీద కప్పు తాగేవారు మరొకటి తెలుసుకోవాలి. తాగిన కెఫీన్‌లో సగం ఒంటి నుండి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగినది తెల్లవారుజామున మూడింటికి కూడా సగం మిగిలే ఉంటుంది. చదివినది మనసులో నిలవడానికి నిద్ర అవసరం గదా!

ఇక మన ఇరానీ చాయ్. మూతపెట్టిన పాత్రలో సన్నని సెగపై డికాషన్‌ను చాలాసేపు దమ్ చేసి, వేరుగా చిక్కగా మరిగించిన పాలు కలుపుతారు. రుచికి సాటి లేదు. ఆకు ఎక్కువసేపు మరిగే కొద్దీ వగరు పదార్థాలు కూడా ఎక్కువగా దిగుతాయి. పాలు టీ గుణాన్ని హరిస్తాయని 2007లో బెర్లిన్‌లో 16 మంది స్త్రీలపై జరిపిన ప్రయోగం చెప్పింది. పై బ్రిటన్ పరిశీలనలో మాత్రం పాలు కలిపినవారికి మేలు తగ్గలేదు. కనుక పాల గురించి తగవు అనవసరం. చక్కెర గురించి మాత్రం తగవు పడవలసిందే. కప్పుకు రెండు చెంచాలంటే 8 నుండి 10 గ్రాములు. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మోతాదు మూడు కప్పులతోనే నిండిపోతుంది. పొగలు కక్కుతుండగా గుటుక్కున మింగడం కూడా మంచిది కాదు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్ననాళపు క్యాన్సరుకు బహుశా కారణం కావచ్చునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది.

కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. మధ్యాహ్న భోజనం ముగియగానే క్యాంటీన్‌లో, హాస్టళ్లలో టీ అందించే పద్ధతి ఉంటే, దానిని మూడున్నర గంటలకు మార్చడానికి అదనపు ఖర్చేమీ లేదు. భోజనం పళ్లెంలో ఒక నిమ్మబద్ద ఉంచగలిగితే మరీ మంచిది. నిమ్మలోని విటమిన్ సి ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టడానికి తోడ్పడుతుంది.