మీకు తెలుసా? పాత కారు ఇంజిన్ ఎందుకు వణుకుతుంది?

మారుతి 800కు కార్బురేటర్ బదులు ఎంపీఎఫ్‌ఐ (ప్రతి సిలిండర్‌కూ విడి ఇంజెక్టర్‌తో పెట్రోలు చిమ్మే పద్ధతి) 2000 ప్రాంతంలో వచ్చింది. అలాంటి పాత కారు కడప జిల్లాలోని బ్రహ్మంగారిమఠం వంటి ఎండ మండే చోట తిరిగితే వాక్యూమ్ గొట్టాల రబ్బరు ఎండి పగులుతుంది. పగుళ్లలోంచి అదనపు గాలి చొరబడి, అది చేరిన సిలిండర్‌లో పెట్రోలు పాళ్లు తప్పుతాయి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి వణుకు అప్పుడే ఎక్కువ. యాక్సిలరేటర్ తొక్కితే తగ్గుతుంది.

తొక్కినా తగ్గకపోతే స్పార్క్ ప్లగ్గులను, ఇంజెక్టర్లను అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటిగా తీసి పెట్టాలి. ఏ సిలిండర్ కనెక్టర్ తీసినప్పుడు చప్పుడు మారలేదో ఆ సిలిండరే పనిచేయడం లేదు. మూడే సిలిండర్లున్న ఈ ఇంజిన్‌కు అది పెద్ద లోటు. ప్లగ్ వైరు మాత్రం పీకకూడదు: షాక్ కొడుతుంది, మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.